దిండులో వినిపించే గుండె దడ

[దృశ్యం: చెన్నై పెరంబూరులో ఒక పడకగది. రాత్రి 11 గంటలు. పంకా చప్పుడు, దూరంగా లోకల్ రైలు కూత.]

పగలంతా గుండె మీద ధ్యాసే లేని మనిషికి, రాత్రి లైటు ఆర్పి ఎడమ పక్కకు ఒత్తిగిలగానే దడ మొదలవుతుంది. లేచి కూర్చుంటే తగ్గుతుంది, మళ్లీ వాలితే మళ్లీ వస్తుంది. మా పక్కింటి పెద్దమ్మగారు దీని గురించి "దిండు కింద ఎవరో రోట్లో పోటు వేస్తున్నట్టుంది బాబూ" అన్నారు. అడగవలసిన ప్రశ్నలన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. పోటు గట్టిగా పడుతోందా, మధ్యలో తప్పుతోందా, లేక వేగం పెరుగుతోందా? మూడింటినీ దడ అనే ఒక్క మాటతోనే పిలుస్తాం కాబట్టి ఈ తేడా మరుగున పడిపోతుంది.

[దృశ్యం: ఛాతీ బొమ్మ. మనిషి ఎడమకు తిరగగానే గుండె కొన పక్కటెముకల వైపు జరుగుతుంది.]

గట్టిగా వినిపించే దడకు కారణం చాలావరకు పడుకున్న తీరే. ఎడమ పక్కకు తిరిగినప్పుడు గుండె కొన ఛాతీ గోడకు మరింత దగ్గరగా వస్తుంది. పైగా చెవి దిండుకు ఆనుకుని ఉంటుంది, గదిలో అలికిడి ఉండదు. అప్పుడు నాడి పట్టి చూస్తే నిమిషానికి 60 నుంచి 100 మధ్య, సమంగా కొట్టుకుంటూ ఉంటే, సాధారణంగా గుండె పనిలో మార్పేమీ లేదని, అది మనకు తెలియడమే ఎక్కువైందని అనుకోవచ్చు. ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం వంతు పెరిగే గర్భిణులకు ఇది తరచుగా ఎదురవుతుంది.

తప్పినట్టు అనిపించే దడ కథ వేరు. విశ్రాంతిలో గుండె నెమ్మదించి, ఒక స్పందనకూ మరొక స్పందనకూ మధ్య ఎడం పెరిగినప్పుడు, ఆ సందులో ఒక స్పందన తొందరపడి ముందే వచ్చేస్తుంది. దాని తర్వాత చిన్న విరామం వస్తుంది, ఆ విరామంలో గుండెలోకి మామూలు కంటే ఎక్కువ రక్తం చేరుతుంది, దాన్ని నెట్టడానికి తర్వాతి స్పందన బరువుగా పడుతుంది. మనల్ని ఉలిక్కిపడేలా చేసేది తొందరపడినది కాదు, దాని వెనుక వచ్చే ఆ బరువైన పోటే. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ ఇవి అప్పుడప్పుడు వస్తుంటాయి. నిద్రలేమి, ఆందోళన, మద్యం వీటిని పెంచవచ్చు. కొందరికి కాఫీ కూడా పడదు. మన ఊళ్లో ఫిల్టర్ కాఫీ మానమని చెప్పడం కష్టమే కానీ, సాయంత్రం 6 గంటలకు తాగిన కాఫీలోని కెఫీన్‌లో సుమారు సగం రాత్రి 11 గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

[దృశ్యం: మంచం అంచున కూర్చున్న మనిషి మణికట్టు మీద రెండు వేళ్లు, ఎదురుగా గోడ గడియారం.]

లేచి నిలబడగానే వచ్చే దడలో వేగం నిజంగానే పెరుగుతుంది. నిలబడిన క్షణంలో అర లీటరుకు పైగా రక్తం పొట్ట, కాళ్ల వైపు దిగిపోతుంది, మెడ ధమనుల్లోని నాడులు ఆ తగ్గుదలను పసిగట్టి గుండెను తొందరపెడతాయి. నిమిషానికి 10 నుంచి 20 వరకు పెరగడం మామూలే. కత్తిరి ఎండల్లో చెమటతో నీరు, ఉప్పు పోయినవారికి, రక్తహీనత ఉన్నవారికి ఇంకా పెరుగుతుంది. 5 నిమిషాలు పడుకుని నాడి లెక్కించి, గోడ పక్కన నిలబడి 1, 3, 10 నిమిషాలకు మళ్లీ లెక్కించండి. తల తిరిగితే వెంటనే కూర్చోండి. బీపీ పడిపోకుండానే వయోజనుల్లో వేగం 30 లేదా అంతకు మించి పెరిగి, తల తేలిపోవడం వంటి ఇబ్బందులు నెలల తరబడి ఉంటే పాట్స్ అనే స్థితి కావచ్చు. నిలబడిన 3 నిమిషాల్లో బీపీలో పై అంకె 20 పడిపోతే, వాడుతున్న బీపీ మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడాలి. సొంతంగా మాత్రలు ఆపకూడదు.

బిందె ఎత్తడానికి వంగినప్పుడు స్విచ్ వేసినట్టు మొదలై, 150కి పైగా పరుగెత్తి, స్విచ్ ఆపినట్టు ఆగిపోయే దడ ఈ కోవలోకి రాదు. దానికి గుండె వైద్యుడి పరీక్ష తప్పనిసరి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దిండ్లు పెంచుకోవలసి రావడం, లయ పూర్తిగా గజిబిజిగా ఉండడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉండడం కూడా అశ్రద్ధ చేయకూడనివే. దడతో పాటు ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, తీవ్రమైన ఆయాసం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

[దృశ్యం: డాక్టరు బల్ల. దాని మీద ఒక వృద్ధురాలి చేయి.]

మామూలు ఈసీజీ 10 సెకన్ల గుండె నడకను మాత్రమే పట్టుకుంటుంది, రాత్రి వచ్చిన దడ పగటి కాగితం మీద కనిపించకపోవచ్చు. పెద్దమ్మగారి ఈసీజీ కూడా బాగానే ఉంది. అప్పుడు డాక్టరు, దడ ఎలా వస్తోందో బల్ల మీద వేలితో కొట్టి చూపించమన్నారు. ఆవిడ రెండుసార్లు సమంగా, మూడోసారి తొందరగా కొట్టి, కాస్త ఆగి, తర్వాత ఒకటి గట్టిగా కొట్టారు. డాక్టరు తల ఊపి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలతో పాటు, 24 గంటలూ ఒంటి మీదే ఉండి గుండె నడకను నమోదు చేసే హోల్టర్ పరీక్ష రాశారు.