ధర దాచుకోనక్కర్లేని వేలం

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉల్లి అనగానే మలక్‌పేట మార్కెట్ గుర్తొస్తుంది కాబట్టి లెక్కలన్నీ ఉల్లి మీదే వేద్దాం. అంకెలు క్వింటాల్‌కు రూపాయల్లో, ఉదాహరణకు పెట్టుకున్నవి. సరుకంతా ఒకే గ్రేడు, మనిషికి ఒక్క క్వింటాల్.

2016లో మొదలైన ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్‌లో ఒక్కో లాట్‌కు కొనేవాళ్లే పాడతారు. మనం చూడబోయే వేలంలో మాత్రం రెండు వైపులవాళ్లూ ధర రాసిస్తారు. కొనేవాళ్లు ఇంతకు మించి పెట్టలేమన్నవి 2400, 2200, 2000, 1700. రైతులు ఇంతకు తగ్గితే ఇవ్వమన్నవి 1300, 1500, 1800, 1900. ఎక్కువ పెట్టేవాడి పక్కన తక్కువకిచ్చేవాణ్ణి పేర్చుకుంటూ వస్తే మూడు జతలు కుదురుతాయి. నాలుగో జత కుదరదు.

మరి ధర ఎంత? 1800, 1900 మధ్య ఏదైనా సరిపోతుంది. నడిమధ్య 1850 అందాం. చిక్కంతా ఇక్కడే. 1800 చాలనుకునే రైతు 1890 అని రాస్తే ధర 1895కి ఎక్కి, అతనికి 45 రూపాయలు ఎక్కువ ముడతాయి. అటు కొనేవాళ్లూ తగ్గించి రాస్తారు. చివరికి కుదరాల్సిన బేరాలే తప్పిపోతాయి.

ఎవరి ధరా వాళ్లు రాసిన అంకె మీద ఆధారపడకపోతే అబద్ధమాడే పని ఉండదు. ఆర్థికవేత్త విక్రే 1961లో చూపిన దారి ఇది. దాన్ని ఉన్నదున్నట్టు రెండు వైపులా పెడితే కొనేవాళ్లు మూడో రైతు అంకె 1800 కడతారు, రైతులకు నాలుగో రైతు అంకె 1900 ఇవ్వాలి. మూడు క్వింటాళ్లకు 300 లోటు. అది ఎవరు పూడుస్తారు? నిజం చెప్పడమే లాభం కావాలి, కుదిరే బేరాలన్నీ కుదరాలి, పాటకు వచ్చి ఎవరూ నష్టపోకూడదు, నడిపేవాళ్లకు లోటు రాకూడదు. ఈ నాలుగూ ఒక్కచోట సాధారణంగా కుదరవని 1983లో మైయర్సన్, శాటర్త్‌వైట్ అనే ఆర్థికవేత్తలు నిరూపించారు.

1992లో మెకాఫీ అనే ఆర్థికవేత్త వీటిలో రెండోదాన్ని మాత్రమే, అదీ కొంచెమే, వదులుకున్నారు. కుదరని నాలుగో జత సగటు తీయండి: 1800. అది మూడో జతలో ఇద్దరికీ సమ్మతమే, కాబట్టి మూడు బేరాలూ ఆ ధరకే. బేరం దక్కినవాళ్లెవరూ ఆ అంకెను తమవైపు లాక్కోలేరు. అదే నాలుగో రైతు 2500 అని ఉంటే సగటు 2100, దానికి మూడో కొనుగోలుదారు ఒప్పుకోడు. అప్పుడు మూడో జతను తప్పించి, మిగిలిన ఇద్దరు కొనేవాళ్ల దగ్గర 2000 చొప్పున తీసుకుని, ఇద్దరు రైతులకు 1800 చొప్పున ఇస్తారు. మూడు జతల్లో కొనేవాడి అంకెకూ రైతు అంకెకూ ఉన్న తేడాలు కలిపితే వచ్చే మొత్తం 2000 లాభంలో 200 పోతుంది. తప్పేది ఎప్పుడూ అతి తక్కువ లాభమున్న జతే కాబట్టి, వంద జతలు కుదిరే చోట నష్టం నూటికి ఒకటి దాటదు. పదిమంది కూడా రాని మార్కెట్‌లో నేనైతే దీన్ని పెట్టమనను.

ఒక్కో ఖరీదుదారుకు 50 క్వింటాళ్లు కావాలంటే కథ మారుతుంది. అతని యాభయ్యో క్వింటాల్ అంకె కుదరని జతలో పడితే, దాన్ని తగ్గించి రాసి మిగతా 49 చవగ్గా కొట్టేస్తాడు. దీనికి మందు ఉంది. చీటీలు తీసి అందరినీ రెండు గుంపులు చేసి, ఒక గుంపులో తేలిన ధరను రెండో గుంపుకు వర్తింపజేయాలి. అప్పుడు కొనేవాళ్ల సరుకూ అమ్మేవాళ్ల సరుకూ సరిసమానంగా రావు. ఎక్కువైన వైపు ఎవరిని ఆపాలో కూడా చీటీయే తేల్చాలి. ఒకే వ్యాపారి రెండు పేర్లతో రెండు గుంపుల్లో దూరితే ఇదంతా వృథా. అందుకే లైసెన్స్ నంబర్ చూడకుండా ఎవరినీ చేర్చుకోకూడదు.

ఇందాక మూడో జతను తప్పించిన లెక్కలో జతకు 200 చొప్పున 400 మిగిలింది కదా. అది నడిపేవాళ్ల ఆదాయమైతే, నిజంగా 1900 అన్న రైతు కాగితాన్ని తీసేసి, లేని రైతు పేరిట 2500 కాగితం పెట్టాలనిపిస్తుంది. కాబట్టి ఆ డబ్బు నడిపేవాళ్లకు గానీ, ఆ రోజు పాటలో ఉన్నవాళ్లకు గానీ చేరని ఖాతాకు పోవాలి. ఆ ఖాతా ఏదో పాట మొదలయ్యే ముందే రాసి గోడకు అంటించాలి.