మానిటర్ కేబుల్: బొమ్మలో భాగమా, ఉత్త తీగా?

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడదాం.

కంప్యూటర్‌కీ మానిటర్‌కీ మధ్య ఉండే తీగ గురించి ఇవాళ మాట్లాడుకుందాం. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దీని మీద జరిగే వాదనలు మాత్రం చిన్నవి కావు. "డిజిటల్ అయితే బొమ్మ ఎప్పుడూ బాగుంటుంది", "బంగారు పూత కేబుల్ పెడితే రంగులు మెరుగవుతాయి", "వీజీఏలో ఫుల్ హెచ్‌డీ రాదు". ఈ మూడూ వినే ఉంటారు. మూడూ తప్పే, కాకపోతే ఒక్కోటి ఒక్కో రకంగా తప్పు. అనలాగ్‌లో, అంటే వోల్టేజీ హెచ్చుతగ్గులతోనే బొమ్మను పంపే పద్ధతిలో, కేబుల్ బొమ్మలో ఒక భాగం, దాని మంచిచెడ్డలన్నీ తెర మీద కనిపిస్తాయి. డిజిటల్‌లో, అంటే సున్నాలూ ఒకట్లుగా పంపే పద్ధతిలో, కేబుల్ తన పని చేస్తుంది, లేదంటే చేతులెత్తేస్తుంది, అంతేగానీ బొమ్మకు అందం తేవడం, తీసెయ్యడం దాని చేతిలో లేదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎప్పుడు కేబుల్‌ని తిట్టాలో, ఎప్పుడు సెట్టింగులు వెతకాలో మీకే తెలిసిపోతుంది.

ముందు పాతదాని, అంటే అనలాగ్ పద్ధతి వీజీఏ సంగతి. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో వీజీఏని తెచ్చింది. మూడు వరసల్లో 15 పిన్నుల కనెక్టర్, రెండు పక్కలా స్క్రూలు, అదే. అందులో ఎరుపుకి ఒక తీగ, ఆకుపచ్చకి ఒకటి, నీలానికి ఒకటి. ఒక్కో దానిలో 0 నుంచి 0.7 వోల్టుల దాకా వోల్టేజీ పైకీ కిందకీ ఆడుతూ ఉంటుంది. 0 అంటే ఆ రంగు అసలు లేదు, 0.7 అంటే నిండుగా ఉంది, మధ్యలో ఎంతైనా కావచ్చు. ఇంకో రెండు తీగలు లైను ఎక్కడ మొదలవుతుందో, ఫ్రేము (ఒక పూర్తి బొమ్మ) ఎక్కడ మొదలవుతుందో చెబుతాయి. (చాలా కేబుళ్లలో మధ్య వరసలో 9వ పిన్ను ఉండదు. విరిగిపోయిందని కంగారుపడకండి, తయారీలోనే అలా వదిలేస్తారు.)

ఈ తీగల్లో "ఇక్కడితో ఒక పిక్సెల్ అయిపోయింది, తర్వాతది మొదలైంది" అని చెప్పేది ఒక్కటీ లేదు, గమనించండి (పిక్సెల్ అంటే బొమ్మలో ఒక చుక్క). పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్‌కి దాని అవసరమే లేదు. ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి పోతూ ఉంటుంది, వోల్టేజీ పెరిగితే వెలుగు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ మానిటర్‌కి వీజీఏ అతికినట్టు సరిపోయింది. నన్నడిగితే వీజీఏకి చెడ్డపేరు రావడంలో దాని తప్పు సగమే, మిగతా సగం ఇప్పటి పలచటి తెర ఎల్‌సీడీది. ఎల్‌సీడీలో పిక్సెళ్లు లెక్కపెట్టి పేర్చినట్టు ఉంటాయి, ప్రతి దానికీ ఒక అంకె కావాలి. అందుకని కంప్యూటర్ తన దగ్గరున్న అంకెలను వోల్టేజీగా మార్చి పంపుతుంది, మానిటర్ ఆ వోల్టేజీని కొలిచి మళ్లీ అంకెలు చేసుకుంటుంది. అంకెలు అంకెలుగానే ప్రయాణం చేస్తే పోయేదానికి రెండుసార్లు వేషం మార్చడం!

కొలవడం కూడా ఆషామాషీ కాదు. ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080 పిక్సెళ్ల బొమ్మ, సెకనుకు 60 సార్లు రావాలంటే సెకనుకు 14 కోట్ల 85 లక్షల పిక్సెళ్ల వేగం కావాలి, కనపడని ఖాళీ భాగాలతో కలిపి. అంటే ఒక్కో పిక్సెల్‌కి దొరికే సమయం 6.7 నానోసెకన్లు. ఆ సందులో వోల్టేజీ నిలకడగా ఉండే క్షణాన మానిటర్ కొలత తీసుకోవాలి, అదీ గడియారం సంకేతం ఏదీ లేకుండా, లైను మొదలయ్యే గుర్తును బట్టి తనే లెక్క కట్టుకుని. కొంచెం ముందో వెనకో అయితే అక్షరాల అంచులు వణుకుతాయి, మసకగా కనిపిస్తాయి. లైనుకి ఎన్ని పిక్సెళ్లన్న లెక్కే తప్పితే తెర మీద నిలువు పట్టీలు పట్టీలుగా మసక వస్తుంది. మానిటర్ మీద 'ఆటో' అని ఒక బటన్ ఉంటుందే, అది నొక్కితే బొమ్మ అటూ ఇటూ కదిలి ఒకచోట కుదురుకుంటుందే, అది చేసే పని ఈ లెక్క సరిచేయడమే. చాలామంది నల్లటి డెస్క్‌టాప్ ఉన్నప్పుడు ఆ బటన్ నొక్కి "ఏం మారలేదండీ" అంటారు. నలుపులో దానికి అంచులు ఎక్కడ దొరుకుతాయి? తెల్లటి పేజీ నిండా అక్షరాలున్న డాక్యుమెంటు తెర మొత్తానికీ పరిచి, అప్పుడు నొక్కండి.

ఇక తీగ. వీజీఏ కేబుల్‌లో రంగుల తీగలు 75 ఓమ్‌ల కొలతకు (సిగ్నల్‌కి తీగ చూపే అడ్డు లాంటిది) కట్టుబడి ఉండాలి. నాసిరకం కేబుల్‌లోనో, కేబుల్‌కి కేబుల్ అతికించిన చోటో ఆ కొలత తప్పుతుంది. అప్పుడు సిగ్నల్‌లో కొంత వెనక్కి తగిలి తిరిగొస్తుంది, ప్రతి అక్షరానికీ కుడిపక్కన లేత నీడ పడుతుంది. పొడవు పెరిగేకొద్దీ సన్నటి వివరాలు అరిగిపోతాయి. కాబట్టి ఫుల్ హెచ్‌డీని వీజీఏ ఆపదు, పొట్టిదీ మంచిదీ అయిన కేబుల్ మీద చక్కగానే వస్తుంది. కానీ అది కేబుల్ దయ. ఇందులో ఒక సుఖం కూడా ఉంది, జబ్బేమిటో తెర చూసి చెప్పేయొచ్చు. తెలుపంతా పసుపుగా మారితే నీలం తీగ పోయింది, నీలి ఆకుపచ్చగా మారితే ఎరుపు పోయింది, ముదురు గులాబీ అయితే ఆకుపచ్చ పోయింది. పిన్ను వంగిందేమో చూడండి, స్క్రూ బిగించండి. సగం కేసులు అక్కడే తేలతాయి.

1999లో డీవీఐ అనే డిజిటల్ కనెక్టర్ వచ్చింది. అంకెల్ని అంకెలుగానే పంపడం దీనితో మామూలైంది. ప్రతి రంగు తాలూకు 8 బిట్లను 10 బిట్లుగా మార్చి, మెలిపెట్టిన జంట తీగల మీద పంపుతారు. జంటలో ఒకదాని మీద వోల్టేజీ పెరిగితే రెండోదాని మీద తగ్గుతుంది, మానిటర్ ఆ రెండింటి తేడా మాత్రమే చూస్తుంది. బయటి నుంచి వచ్చే గోల రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది కాబట్టి తేడాలో అది ఎగిరిపోతుంది. దీనికి తోడు పిక్సెల్ గడియారం కోసం ఒక జంట వేరే ఉంది, మానిటర్ ఊహించుకునే బాధ తప్పింది. 2002లో వచ్చిన హెచ్‌డీఎంఐ మొదట్లో ఇదే పద్ధతి, దానికి ఆడియో కలిపారు, కనెక్టర్ చిన్నది చేశారు.

తీగలో పోయేది డిజిటల్ అయినా వోల్టేజీయే కదా, అది కూడా పాడవుతుంది కదా అని అడగొచ్చు. అవును, పాడవుతుంది. చేతిరాత ఎంత గజిబిజిగా ఉన్నా అది 'అ' అని గుర్తుపట్టగలిగితే చాలు, మన పుస్తకంలో మనం శుభ్రమైన 'అ' రాసుకుంటాం, పోల్చుకోలేకపోతేనే ఇబ్బంది. మానిటర్ కూడా సున్నానా ఒకటా అన్నదే తేల్చుకుంటుంది. తేలినంతకాలం చవక కేబుల్‌లో వచ్చిన బొమ్మా ఖరీదైన కేబుల్‌లో వచ్చిన బొమ్మా బిట్టుకు బిట్టు ఒకటే. తేలనప్పుడు మాత్రం తెర మీద మెరుపు చుక్కలు చిటపటమంటాయి, బొమ్మ ఒక సెకను ఆరిపోయి వస్తుంది, లేదా అసలు రాదు. అంతేగానీ మసకబారడం, రంగు వెలవడం ఉండవు. బంగారు పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది, దాని పని అంతే.

మరి హెచ్‌డీఎంఐకి మారాక బొమ్మ వెలిసిపోయినట్టు ఉందని ఇంతమంది ఎందుకు గోలపెడుతున్నారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. టీవీల లెక్కలో నలుపుకి అంకె 16, తెలుపుకి 235. కంప్యూటర్ లెక్కలో 0, 255. హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టింది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు కొన్నిసార్లు మానిటర్‌ని టీవీ అనుకుని 16 నుంచి 235 మధ్యే పంపుతుంది. మానిటర్ దాన్ని అలాగే తీసుకుంటే నలుపు బూడిద రంగులోకి దిగుతుంది. డ్రైవర్ సెట్టింగుల్లో 'ఫుల్ రేంజ్' అని పెడితే సరిపోతుంది. అలాగే టీవీని మానిటర్‌గా వాడితే అంచులు కోసుకుపోవడం, అక్షరాలు మెత్తబడడం: ఇది ఓవర్‌స్కాన్. టీవీ మెనూలో ఆపేయాలి. ఇంకొకటి, 4కే బొమ్మకు (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లు) దారి ఇరుకైనప్పుడు కొన్ని పరికరాలు రంగు సమాచారాన్ని తగ్గించి పంపుతాయి. సినిమాలో తెలియదు, నల్లటి నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు చదివితే తెలుస్తుంది. వీటిల్లో ఒక్కదానికీ కొత్త కేబుల్ మందు కాదు. నాకు చిరాకు తెప్పించేది ఇదే: సెట్టింగ్ జబ్బుకి కేబుల్ అమ్మడం.

అలాగని కేబుల్ ఏదైనా ఒకటే అనుకోవద్దు. దారి ఎంత వెడల్పన్నది ముఖ్యం. 60 హెర్ట్జ్‌లో (సెకనుకు 60 సార్లు బొమ్మ మారితే) ఫుల్ హెచ్‌డీకి తీగ మీద సెకనుకు సుమారు 4.5 గిగాబిట్లు పోవాలి, అదే 60 హెర్ట్జ్‌లో 4కేకి దాదాపు 18. 'ప్రీమియం హై స్పీడ్' గుర్తున్న హెచ్‌డీఎంఐ కేబుల్ ఆ 18 మోస్తుంది, 'అల్ట్రా హై స్పీడ్' 48 మోస్తుంది. "ఇది 2.1 కేబుల్" అన్న మాటను నమ్మకండి, వెర్షన్ నంబర్లు పరికరాలవి. కేబుల్ మీద చూడాల్సింది ఈ స్పీడు పేరు. యూఎస్‌బీ-సీ సంగతి ఇంకా తికమక, ఛార్జింగ్‌కి ఇచ్చిన కేబుల్ చాలాసార్లు బొమ్మ మోయదు.

డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో డిజిటల్ కనెక్టర్ 2006లో వీసా అనే ప్రమాణాల సంస్థ నుంచి వచ్చింది (పాస్‌పోర్టు వీసా కాదు లెండి). కంప్యూటర్‌కీ మానిటర్‌కీ రెండిటికీ అది ఉంటే అదే వాడండి, ఎక్కువ హెర్ట్జ్ మానిటర్లకు మరీను. దాని కేబుల్‌లో ఒక విచిత్రమైన జబ్బుంది. 20వ పిన్ను కరెంటు కోసం, మామూలు కేబుల్‌లో దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కలపకూడదు. కొందరు తయారీదారులు కలిపేస్తారు. అప్పుడు మానిటర్ నుంచి కరెంటు కంప్యూటర్‌లోకి ఎదురు పారుతుంది, కంప్యూటర్ ఆపినా పూర్తిగా ఆగదు, ఒక్కోసారి ఆన్ అవ్వడానికి మొరాయిస్తుంది. జనం పవర్ సప్లై మార్చుకుంటారు, పాపం.

కన్వర్టర్ల గురించి రెండు మాటలు. డీవీఐ-ఐ పోర్టులో అనలాగ్ పిన్నులు కూడా ఉంటాయి, అందుకే అక్కడ చిన్న ముక్క తగిలిస్తే వీజీఏ వచ్చేస్తుంది. ఆ పిన్నులు లేని డీవీఐ-డీలో రాదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి పోవాలంటే లోపల చిప్పు ఉండాలి, దానికి కరెంటూ కావాలి, అందుకే కొన్నిటికి యూఎస్‌బీ తోక వేలాడుతుంది. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి వేరే పెట్టె, తిరగేసి వాడదామంటే కుదరదు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి చవక కేబుల్ మామూలుగా పనిచేస్తుంది, ఎదురు దిశలో పనిచేయదు.

చివరగా, ప్రొజెక్టర్ పెట్టే హాళ్ల వాళ్లకి. 20 మీటర్ల వీజీఏ మీద తక్కువ రిజల్యూషన్ బొమ్మ అరిగిపోయి అయినా వస్తుంది. అదే దూరానికి మామూలు రాగి హెచ్‌డీఎంఐ మీద 60 హెర్ట్జ్ 4కే ఆశించకండి, 5 మీటర్లు దాటితేనే అనుమానం మొదలవుతుంది. లోపల ఆప్టికల్ ఫైబర్ ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి. వాటికి దిశ ఉంటుంది. ఒక చివర సోర్స్ అని, రెండో చివర డిస్‌ప్లే అని రాసి ఉంటుంది, తారుమారైతే బొమ్మే రాదు. గోడలోంచి లాగాక కాదు, లాగకముందే చూసుకోండి, ఒకసారి నేల మీద పరిచి రెండు వైపులా తగిలించి బొమ్మ వచ్చాకే లోపలికి పంపండి.

ఇక అడగండి, ముందు వరసలో ఆయన ఎప్పట్నుంచో చెయ్యెత్తి ఉన్నారు.