ఓడిన రోజే కప్పు ఎత్తినవాళ్లు

నమస్కారం. ఈ రోజు మీకు నాలుగు స్కోర్లు చెప్పాలి. నాలుగూ ఫుట్‌బాల్ స్కోర్లే, నాలుగూ పసిఫిక్ మహాసముద్రం దీవుల్లో ఆడిన మ్యాచ్‌లవే. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి, లేకపోతే వింటూ ఉండండి, నేనే మళ్లీ మళ్లీ చెప్తాను. 2-1. 3-1. 2-7. 3-0.

ఓషియానియా చాంపియన్స్ లీగ్ అని ఒక పోటీ ఉంది. పసిఫిక్ దేశాల క్లబ్బులు ఆడే పోటీ. ఫిజీ, సోలమన్ దీవులు, వనువాటు, పపువా న్యూగినీ, న్యూ కాలెడోనియా, తాహితీ, వీళ్లందరితో పాటు న్యూజిలాండ్. నేను చెప్పిన నాలుగు స్కోర్లు 2007 నుంచి 2010 దాకా వరసగా నాలుగు ఫైనల్స్‌లో దీవుల జట్లు తమ సొంతగడ్డ మీద ఆడిన మొదటి మ్యాచ్‌లవి. దీవుల జట్టు గోల్స్ ముందు చెప్తున్నాను, ప్రత్యర్థివి తర్వాత. అప్పట్లో ఫైనల్ అంటే రెండు మ్యాచ్‌లు, ఒకటి వీళ్ల ఊళ్లో, ఇంకొకటి వాళ్ల ఊళ్లో, రెండిటి గోల్స్ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్లది కప్పు. నాలుగేళ్లూ ప్రత్యర్థి న్యూజిలాండ్ జట్టే.

చూడండి, నాలుగింటిలో మూడు మ్యాచ్‌లు దీవుల వాళ్లే గెలిచారు. కప్పు మాత్రం ఒక్కసారే వచ్చింది. ఈ రోజు నా మాటలన్నీ ఆ ఒక్కసారి గురించే, 2009-10 సీజన్ గురించే. కానీ దాని రుచి తెలియాలంటే ముందు మూడు ఓటములు వినాలి.

మొదటిది 2-1. ఫిజీలో బా అనే ఊరి జట్టు. ఈ ఊరి పేరు మనలో చాలామంది విని ఉండరు గానీ, మనకు అక్కడ బంధుత్వం ఉంది. ఫిజీలో చెరకు తోటల్లో పని చేయడానికి గిర్మిట్ అనే కూలీ ఒప్పందం మీద మన దేశం నుంచి అరవై వేల మందికి పైగా వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లు కూడా ఉన్నారు. బా, లౌటోకా, నాడీ, అన్నీ చెరకు పండే ప్రాంతంలోని ఊళ్లే. ఆ వెళ్లినవాళ్ల పిల్లలు, మనవలు ఫుట్‌బాల్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఫిజీ ఫుట్‌బాల్ సంఘం 1938లో మొదలైందే ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ సంఘంగా. దక్షిణాది వాళ్లంతా కలిసి పెట్టుకున్న సంగమ్ అనే సంస్థ 1926 నుంచి ఉంది. ఇప్పటికీ ఈస్టర్ సెలవుల్లో వాళ్లు పెద్ద సభ జరుపుకుంటారు, అందులో ఫుట్‌బాల్ టోర్నమెంట్ ఉండాల్సిందే. దీని గురించి చదివినప్పుడల్లా నాకు ఎంత సంతోషం కలుగుతుందో చెప్పలేను. భాష కాస్త పలచబడినా ఆట పలచబడలేదు.

సరే, బా జట్టు. నల్ల చొక్కాలు వేసుకుంటారు, ఊరి పిచ్చంతా ఆ జట్టే. 2007 ఫైనల్లో న్యూజిలాండ్ నుంచి వైటాకెరె యునైటెడ్ వచ్చింది, ఆక్లాండ్ పడమటి వైపు క్లబ్బు. సొంతగడ్డ మీద బా 2-1తో గెలిచింది. తర్వాత న్యూజిలాండ్ వెళ్లి 1-0తో ఓడింది. కలిపితే రెండు జట్లకీ చెరి రెండు గోల్స్. సమానమే కదా, ఇద్దరికీ ఇంకో అవకాశం ఇవ్వాలి కదా అనిపిస్తుంది. ఇవ్వలేదు. ఎందుకంటే అప్పుడు ఒక నియమం ఉండేది: మొత్తం గోల్స్ సమానమైతే, పరాయి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు గెలిచినట్టు. వైటాకెరె ఫిజీలో ఒక గోల్ కొట్టింది. బా న్యూజిలాండ్‌లో ఒక్కటీ కొట్టలేదు. అంతే, కప్పు వైటాకెరెది. అంటే బా ఓడిపోయింది న్యూజిలాండ్‌లో కాదు, తాను గెలిచిన రోజే, తన జనం ముందే, ఆ ఒక్క గోల్ ఇచ్చినప్పుడు సగం ఓడిపోయింది. ఆ సంగతి ఆ సాయంత్రం అక్కడ సంబరాలు చేసుకుంటున్నవాళ్లలో ఎంతమందికి తట్టి ఉంటుందో!

రెండోది 3-1. 2008లో సోలమన్ దీవుల జట్టు కోసా, మళ్లీ అదే వైటాకెరె మీద. హొనియారాలో మూడు కొట్టింది, ఒకటి ఇచ్చింది. ఆ తర్వాత న్యూజిలాండ్ వెళ్లి 5-0తో ఓడింది. ఇక మూడో స్కోరు, 2-7, 2009లో ఆక్లాండ్ సిటీ హొనియారాకే వచ్చి కొలొయాలె జట్టు మీద ఏడు గోల్స్ కొట్టి వెళ్లింది. దాని మీద ఎక్కువ మాట్లాడను, బాధగా ఉంటుంది.

అసలు 1987లో మొదలైనప్పటి నుంచి ఈ పోటీ ఎప్పుడు జరిగినా కప్పు ఆస్ట్రేలియాకో న్యూజిలాండ్‌కో తప్ప ఇంకెవరికీ వెళ్లలేదు. 2006లో ఆస్ట్రేలియా ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యలోకి మారిపోయింది. హమ్మయ్య, ఇప్పుడైనా దీవులకి దారి దొరుకుతుందని ఎదురుచూసినవాళ్లకి వరసగా ఈ మూడేళ్లు. 2-1, 3-1, 2-7.

ఇప్పుడు నాలుగో స్కోరుకి వద్దాం.

పపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ. ఆ ఊరి జట్టు పేరు హెకారీ యునైటెడ్. ఒక్క మాట చెప్తే అక్కడి పరిస్థితి మీకు అర్థమైపోతుంది: ఆ దేశ రాజధాని నుంచి ‘లే’ అనే రెండో పెద్ద నగరానికి రోడ్డు లేదు. లేనే లేదు. మధ్యలో కొండలు, అడవులు. వెళ్లాలంటే విమానమే, లేదా ఓడ. దేశంలో లీగ్ ఆడాలన్నా విమానం టికెట్లు కొనాలి. పైగా అక్కడి జనం ప్రాణం పెట్టే ఆట ఫుట్‌బాల్ కాదు, రగ్బీలో ఒక రకమైన రగ్బీ లీగ్. ఇంటి గోడల మీద, పిల్లల చొక్కాల మీద, అంతటా రగ్బీయే. ఎనిమిది వందలకి పైగా భాషలున్న దేశంలో అందరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగే ఆట అదే. అలాంటి చోట ఫుట్‌బాల్ క్లబ్బు నడపడం, అదీ ఖండం మొత్తానికి గెలవాలని నడపడం, మామూలు పట్టుదల కాదు.

హెకారీ వాళ్లు తమ దేశం కుర్రాళ్లతోనే సరిపెట్టుకోలేదు. సోలమన్ దీవుల నుంచి, ఫిజీ నుంచి కూడా ఆటగాళ్లను తెచ్చుకున్నారు. పపువా న్యూగినీ కుర్రాడు కెమా జాక్ ముందు వరసలో, సోలమన్ దీవుల ఆటగాడు అలిక్ మయెమయె మధ్యలో. అందుకే నా దృష్టిలో అది ఒక్క ఊరి జట్టు కాదు, దీవులన్నీ కలిసి కట్టుకున్న జట్టు. దీన్ని కొందరు డబ్బుతో కొన్న జట్టని తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. పక్క దీవిలో మంచి ఆటగాడు ఉంటే, అతనికి జీతం ఇచ్చి ఆడించే క్లబ్బు ఒక్కటైనా ఉండటం ఆ ప్రాంతానికి మేలే.

ఆ సీజన్‌లో ఎనిమిది జట్లు, రెండు గ్రూపులు. ఒక గ్రూపులో న్యూజిలాండ్ జట్లు రెండూ, ఆక్లాండ్ సిటీ, వైటాకెరె, వాటితో పాటు న్యూ కాలెడోనియా, తాహితీ క్లబ్బులు. రెండో గ్రూపులో హెకారీతో పాటు వనువాటు నుంచి టఫియా, సోలమన్ దీవుల నుంచి మారిస్ట్, ఫిజీ నుంచి లౌటోకా, అవును, ఇందాక చెప్పిన చెరకు ఊళ్లలో ఒకటైన లౌటోకాయే. ప్రతి జట్టూ మిగతా మూడు జట్లతో ఒకసారి ఇంట్లో, ఒకసారి బయట ఆడాలి. గ్రూపులో మొదటి స్థానం వచ్చినవాళ్లు నేరుగా ఫైనల్‌కే, సెమీఫైనల్ లేదు. హెకారీ తన గ్రూపులో మొదటిగా నిలిచింది. అవతలి వైపు నుంచి ఎవరొచ్చారో మీరే ఊహించండి. వైటాకెరె. బాని ఓడించిన వైటాకెరె, కోసాని ఓడించిన వైటాకెరె.

2010 ఏప్రిల్ 17. పోర్ట్ మోర్స్‌బీలో రగ్బీ లీగ్ స్టేడియంలో మ్యాచ్. చెప్పాను కదా, ఆ ఊళ్లో జనం పట్టే మైదానం అంటే రగ్బీదే. ఏప్రిల్‌లో అక్కడ ఎండ, దానికి తోడు ఉక్కపోత. నాలుగు వేల కిలోమీటర్లు దాటి, చల్లని ఊరి నుంచి వచ్చినవాళ్లు అవతల. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఎంత దూరమో దానికి మూడు రెట్లకి పైనే ఈ ప్రయాణం. స్కోరు 3-0.

మూడు కొట్టారు. ఒక్కటీ ఇవ్వలేదు.

ఈ రెండో మాట దగ్గర కాసేపు ఆగుదాం, నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైంది అదే. కోసా కూడా మూడు కొట్టింది. కానీ ఒకటి ఇచ్చింది. బా కూడా గెలిచింది. కానీ ఒకటి ఇచ్చింది. హెకారీ ఏమీ ఇవ్వలేదు. గోల్స్ కొట్టినవాళ్ల పేర్లే పేపర్లో వస్తాయి, గోల్ ఆపినవాళ్లు ఎవరికీ గుర్తుండరు. మూడు గోల్స్ ఆధిక్యంలో ఉన్నప్పుడు, సొంత జనం ఇంకోటి కొట్టండి, ఇంకోటి కొట్టండి అని అరుస్తున్నప్పుడు, వెనక నిలబడి మన గోల్ దగ్గరకి ఎవరినీ రానివ్వకుండా కాపలా కాసుకోవడం ఎంత కష్టమో ఆ ఆట ఆడిన ఎవరినైనా అడగండి.

ఇప్పుడు లెక్క చూడండి. రెండో మ్యాచ్ మే 2న, ఆక్లాండ్ పక్కన ఫ్రెడ్ టేలర్ పార్కులో. అక్కడ వైటాకెరె మూడు కొడితే సమానం. కానీ అదే మైదానంలో హెకారీ ఒక్క గోల్ కొట్టిందనుకోండి, అప్పుడు హెకారీ మొత్తం నాలుగు. వైటాకెరె నాలుగు కొట్టి సమానం చేసినా, పరాయి మైదానం నియమం ప్రకారం చాలదు, అయిదు కొట్టాలి. ఎందుకంటే వైటాకెరెకి పోర్ట్ మోర్స్‌బీలో ఒక్క గోల్ కూడా లేదు. బాని ముంచిన నియమమే ఇక్కడ హెకారీకి గొడుగు పట్టింది. అయినా టెన్షన్ తక్కువేమీ కాదు, ఆ మైదానం వాళ్ల సొంతం, రెండేళ్ల కిందట కోసా మీద అయిదు కొట్టిన జట్టు అది.

వైటాకెరె రెండు కొట్టింది. హెకారీ ఒకటి కొట్టింది. 2-1, హెకారీ ఓడిపోయింది. ఓడిపోయి, కప్పు ఎత్తింది. మొత్తం 4-2. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కాకుండా ఒక దీవి దేశం క్లబ్బు ఓషియానియా చాంపియన్ అవడం అదే మొదటిసారి.

ఆ గెలుపుతో ఖండాల చాంపియన్ క్లబ్బులు ఆడే క్లబ్ వరల్డ్ కప్‌కి టికెట్ దొరికింది. ఆ ఏడాది డిసెంబర్ 8న అబుదాబిలో స్థానిక చాంపియన్ అల్ వహ్దాతో మొదటి మ్యాచ్. 3-0తో ఓడిపోయి అక్కడితోనే ఇంటికి వచ్చేశారు. ఆ టోర్నమెంట్ చివరికి ఇటలీ క్లబ్బు ఇంటర్ మిలాన్ గెలిచింది. చాలాచోట్ల హెకారీ గురించి ఆ అబుదాబి ఓటమి ఒక్కటే రాస్తారు, ప్రపంచ కప్‌కి వచ్చిన అనామక జట్టు అన్నట్టు. నాకు అది నచ్చదు. దాదాపు నలభై నిమిషాల దాకా గోల్ ఇవ్వకుండా నిలబడ్డారు అక్కడ, ఎడారి దేశంలో, ప్రొఫెషనల్ బ్రెజిల్ ఆటగాళ్లున్న జట్టు మీద. ఇంటర్ మిలాన్ ఆడే టోర్నమెంట్‌లో పోర్ట్ మోర్స్‌బీ పేరు అధికారికంగా నమోదైంది. దానికి పునాది ఏప్రిల్‌లో ఒక్క గోలూ ఇవ్వని ఆ 3-0.

తర్వాత 2011 నుంచి 2017 దాకా మళ్లీ వరసగా ఆక్లాండ్ సిటీయే. దీవులకి రెండో కప్పు 2019లో వచ్చింది, న్యూ కాలెడోనియా నుంచి హియెంగెన్ స్పోర్ట్ అనే చిన్న ఊరి జట్టు, అప్పుడు ఫైనల్ ఒక్క మ్యాచే. పరాయి మైదానం నియమాన్ని యూరప్ వాళ్లు కూడా 2021లో తీసేశారు. అయినా ఒక చిన్న సలహా. ఎక్కడైనా రెండు మ్యాచ్‌లు కలిపి లెక్కేసే పోరు చూస్తుంటే, మొదటి మ్యాచ్ అవగానే ఎవరు గెలిచారని మాత్రమే అడగకండి. సొంతగడ్డ మీద ఆడినవాళ్లు ఎన్ని ఇచ్చారని అడగండి. రెండో మ్యాచ్ ఎలా ఉండబోతుందో అందులోనే సగం తెలిసిపోతుంది.

ఇంకొకటి, ఇది ఫిజీలోనో ఆక్లాండ్‌లోనో చుట్టాలున్నవాళ్లకి. 2026 జనవరిలో ఓషియానియాలో ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది, జట్లన్నీ కలిసి ఒక ఊరి తర్వాత ఇంకో ఊరికి వెళ్లి ఆడే పద్ధతి. అందులో హెకారీ ఉంది, ఫిజీ నుంచి బులా ఎఫ్‌సీ ఉంది. ఫిజీ గడియారం మనకంటే ఆరున్నర గంటలు ముందు, పోర్ట్ మోర్స్‌బీ గడియారం నాలుగున్నర గంటలు ముందు. అక్కడ మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ అంటే, ఫిజీలో అయితే మనకి ఉదయం ఎనిమిదిన్నర, పోర్ట్ మోర్స్‌బీలో అయితే పదిన్నర. ఆదివారం టిఫిన్ చేస్తూ చూడొచ్చు. మీవాళ్లకి ఫోన్ చేసి ఈసారి మ్యాచ్ ఏ ఊళ్లోనో కనుక్కోండి.