చేతితో చేసే కార్డులు: కాగితం స్వభావం, సామాను పొందిక

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంట్లో తీరిక చూసుకుని శుభాకాంక్షల కార్డులు చేసుకునేవారి కోసం ఈ భాగాన్ని సిద్ధం చేశాము. చాలాకాలంగా ఈ పనిని నేర్పుతున్న ఉపాధ్యాయిని మనతో ఉన్నారు. మేడమ్, శ్రోతలలో ఎక్కువమందిని బాధపెట్టే విషయంతోనే మొదలుపెడతాను. కార్డు ఎంత అందంగా వచ్చినా మడత దగ్గర కాగితం చిట్లి, లోపలి తెల్లని పీచు బయటపడుతోందని అంటున్నారు. అలా ఎందుకు జరుగుతుంది?

అతిథి: నమస్కారమండీ. కాగితం యంత్రం మీద తయారయ్యేటప్పుడు గుజ్జులోని పోగులు చాలావరకు యంత్రం కదిలే దిశలోనే వరుసగా సర్దుకుంటాయి. ఈ దిశనే గ్రెయిన్ అంటారు. మడత దానికి సమాంతరంగా పడితే కాగితం సులువుగా వంగుతుంది. అడ్డంగా పడితే పోగులే విరగవలసి వస్తుంది కాబట్టి అంచు చిట్లుతుంది. షీటును మడవకుండా మెల్లగా ఒకసారి పొడవు వెంట, మరొకసారి వెడల్పు వెంట వంచి చూడండి. ఏ వైపు తక్కువ ఎదురు తిరుగుతుందో అదే మడతకు అనువైన వైపు.

వ్యాఖ్యాత: అయితే షీటును కోసేటప్పుడే ఈ దిశ చూసుకోవాలన్నమాట.

అతిథి: తప్పకుండా చూసుకోవాలి. పొడవు వెంట గ్రెయిన్ ఉన్న ఏ4 షీటునే తీసుకుందాము. దాని కొలత 210 × 297 మిల్లీమీటర్లు. దానిని నేరుగా సగానికి మడిచి పెద్ద కార్డు చేస్తే మడత గ్రెయిన్‌కు అడ్డంగా పడుతుంది. అదే షీటును ముందు పొడవు మధ్యలో అడ్డంగా రెండు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను సగానికి మడిస్తే మడత గ్రెయిన్ వెంటే పడి, సుమారు 105 × 148 మిల్లీమీటర్ల ఏ6 కార్డు వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి నేను ఈ చిన్న కార్డునే సూచిస్తాను. దానికి 114 × 162 మిల్లీమీటర్ల సీ6 కవరు సరిపోతుంది.

వ్యాఖ్యాత: కాగితం మందం సంగతి కూడా చెప్పండి.

అతిథి: ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్కే జీఎస్‌ఎమ్. మామూలు ప్రింటింగ్ కాగితం 80 జీఎస్‌ఎమ్ దగ్గర ఉంటుంది. కార్డుకు ఆధారంగా నిలిచే కాగితం 250 నుంచి 300 దాకా ఉండాలని నా అభిప్రాయం. పైన అతికించే పొరలు అంతకంటే పలచగా ఉన్నా ఫరవాలేదు. ఇంత మందమైన కాగితాన్ని మడిచే ముందు స్కేలు ఆనించి, మొద్దు మొన ఉన్న సాధనమైన బోన్ ఫోల్డర్‌తోనో ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతోనో గీత నొక్కాలి. ఆ గీతకు ఒక వైపు గాడి, మరొక వైపు చిన్న ఉబ్బు ఏర్పడతాయి. ఉబ్బు లోపలికి, గాడి బయటికి ఉండేలా మడవాలి. చాలామంది సహజంగా గాడిలోకే మడిచేస్తారు, కానీ అప్పుడు బయటి పోగుల మీద లాగుడు ఎక్కువవుతుంది.

వ్యాఖ్యాత: కాగితాన్ని ఇంత జాగ్రత్తగా ఎంచుకున్నా, అతికించిన తరువాత కార్డు వంకర తిరగడం నేను గమనించాను.

అతిథి: కాగితం గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుంటుంది, ఈ మార్పు గ్రెయిన్‌కు అడ్డ దిశలో ఎక్కువగా ఉంటుంది. రెండు పొరల గ్రెయిన్ ఒకదానికొకటి అడ్డంగా ఉంటే అవి చెరొక వైపు లాగి కార్డును వంచేస్తాయి. నీటి పాలు ఎక్కువగా ఉన్న తెల్ల జిగురును ధారాళంగా పూసినా అదే జరుగుతుంది. పెద్ద పొరలకు డబుల్ సైడ్ టేపు వాడి, సరిచూసుకుని కదపవలసిన చిన్న ముక్కలకు మాత్రమే జిగురును పలచగా వాడితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మరొక కారణం కూడా ఉంది. ఆ వంకర చాలాసార్లు బల్ల మీద కంటే ముందుగా, కాగితాన్ని దాచిన అరలోనే మొదలవుతుంది. అందుకే సామాను సర్దడాన్ని వేరే పనిగా కాక, కార్డు తయారీలో ఒక భాగంగానే నేను నేర్పుతాను.

వ్యాఖ్యాత: సర్దుకోవడం అనగానే అందమైన డబ్బాలు, రంగురంగుల లేబుళ్లు గుర్తుకువస్తాయి. మీరు చెబుతున్నది వేరుగా ఉంది.

అతిథి: డబ్బాలు అందంగా ఉంటే సంతోషమే, కానీ లోపల ఉన్న వస్తువు స్వభావమే ముందు చూడాలి. కాగితాన్ని నిలువుగా, వదులుగా నిలబెడితే దాని బరువుకే వంగిపోతుంది కాబట్టి బల్లపరుపుగా పడుకోబెట్టాలి. నిలబెట్టక తప్పకపోతే అర నిండేలా బిగువుగా పేర్చి, మధ్యలో గట్టి అట్టలు ఉంచాలి. తడి తగిలే గోడ పక్కన, కిటికీ ఎండలో దానిని పెట్టకూడదు. ముద్రలు వేసే పారదర్శకమైన ఫోటోపాలిమర్ (ఒక రకం మెత్తని ప్లాస్టిక్) స్టాంపులకు కూడా ఎండ పడదు. అవి పసుపు రంగుకు తిరిగి, క్రమంగా గట్టిపడతాయి. ముద్ర వేసేటప్పుడు పట్టుకునే అక్రిలిక్ దిమ్మకు అవి సరిగా అంటుకోకపోతే సాల్వెంట్‌తో తుడవకుండా తేలికపాటి సబ్బునీటితో కడిగి ఆరబెడితే అంటుకునే గుణం తిరిగి వస్తుంది. రెండు మొనలున్న ఆల్కహాల్ మార్కర్లను అడ్డంగా పడుకోబెట్టాలి, లేకపోతే ఇంకు ఒక మొనకే దిగిపోయి రెండవది ఎండిపోతుంది.

వ్యాఖ్యాత: ఇంక్ ప్యాడ్ల విషయంలో నాకు ఒక సందేహం ఉంది. డై ఇంకు, పిగ్మెంట్ ఇంకు అని రెండు రకాలు చెబుతారు. ఒకటి ఉంటే సరిపోదా?

అతిథి: అది మీరు ఏ పని చేయబోతున్నారో దానిని బట్టి ఉంటుంది. డై ఇంకు కాగితంలోకి ఇంకిపోయి త్వరగా ఆరుతుంది. పిగ్మెంట్ ఇంకు పైపొర మీద నిలిచి నెమ్మదిగా ఆరుతుంది. ముద్రను ఉబ్బెత్తుగా, మెరిసేలా చేసే హీట్ ఎంబాసింగ్‌లో ముద్ర వేసి, అది తడిగా ఉండగానే పొడి చల్లి, మిగిలినదాన్ని దులిపి, హీట్ గన్ అనే వేడి గాలి సాధనంతో కరిగిస్తాము కాబట్టి అక్కడ నెమ్మదిగా ఆరే ఇంకే కావాలి. పొడి అక్కరలేని చోట కూడా చుక్కలుగా అంటుకుంటోందంటే, కాగితం తేమగా ఉండవచ్చు, వేళ్ల జిడ్డు తగిలి ఉండవచ్చు, లేదా స్థిర విద్యుత్తు పొడిని లాగుతూ ఉండవచ్చు. ముద్ర వేయక ముందే కార్న్‌ఫ్లోర్ వంటి మెత్తని పొడి కట్టిన చిన్న గుడ్డ మూటతో కాగితాన్ని ఒకసారి అద్దితే సరిపోతుంది. హీట్ గన్‌ను ముందు కార్డుకు దూరంగా వేడెక్కనిచ్చి, ఆ తరువాత ముద్ర మీదికి తీసుకురావాలి. పొడి కరిగి ఒక్కసారిగా మెరుస్తుంది, ఆ క్షణంలోనే వేడిని పక్కకు జరపాలి. ఎక్కువసేపు ఉంచితే అది కాగితంలోకి ఇంకి మెరుపు పోగొట్టుకుంటుంది. ఆ మెరుపు రావడాన్ని చూడడం నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. హీట్ గన్ మొన చాలాసేపు వేడిగానే ఉంటుంది కాబట్టి పిల్లలకు అందనివ్వకండి.

వ్యాఖ్యాత: తెరవగానే బొమ్మ ముందుకు లేచే పాపప్ కార్డుకు కొలత ఎలా తీసుకోవాలి?

అతిథి: మడత వైపు నుంచి లోపలికి రెండు సమాన కోతలు కోసి, మధ్య ముక్కను లోపలికి నెడితే చిన్న పెట్టె లేస్తుంది. కార్డు మూసినప్పుడు ఆ పెట్టె అంచు మడత నుంచి కోత పొడవుకు రెట్టింపు దూరం చేరుతుంది. అందువల్ల 105 మిల్లీమీటర్ల వెడల్పున్న కార్డులో కోత 50 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్టెకు అతికించే బొమ్మ కూడా ముందుకు వస్తుంది కనుక నేనైతే 30 దగ్గర ఆగుతాను.

వ్యాఖ్యాత: మళ్లీ అరల దగ్గరికి వద్దాము. పని మొదలుపెట్టినవారికి కత్తెర ఒక చోట, జిగురు మరొక చోట వెతుక్కోవడమే సరిపోతోందని అంటున్నారు.

అతిథి: వస్తువులను రకాల వారీగా సర్దడం వల్ల వచ్చే చిక్కు అది. నేను పని వరుసను బట్టి సర్దమంటాను. కొలిచి, కోసి, మడిచే సాధనాలన్నీ ఒకే సొరుగులో ఉండాలి. స్టాంపు, ఇంకు, పొడి, హీట్ గన్ కలిసి ఉండాలి. అతికించేవన్నీ మరొక చోట ఉండాలి. కాగితాన్ని మాత్రం రంగుల వారీగా పేర్చాలి, ఎందుకంటే కాగితం కోసం వెతికేటప్పుడు మన మనసులో ముందు మెదిలేది రంగే. ప్రతి ఇంక్ ప్యాడ్ ముద్రనూ తెల్లని ముక్క మీద వేసి, పేరు రాసి, దాని మూతకు అంటించండి. మూత మీది రంగుకూ కాగితం మీద పడే రంగుకూ చాలా తేడా ఉంటుంది. మిగిలిన ముక్కలలో అరచేతి కంటే పెద్దవాటిని రంగుల వారీగా పారదర్శకమైన కవర్లలో దాచి, చిన్నవాటిని నిర్మొహమాటంగా తీసివేయండి. ఎప్పుడో పనికివస్తాయని దాచిన ముక్కలే అరను నింపి, మంచి కాగితాన్ని కనబడకుండా చేస్తాయి.

వ్యాఖ్యాత: వేరే గది గానీ అల్మారా గానీ లేనివారు ఏం చేయాలి?

అతిథి: పెద్ద అల్మారా ఉంటే నింపాలనే కోరిక పుడుతుంది. చిన్న చోటే మేలని నేను నిజంగా నమ్ముతాను. ఏ4 షీటు పడుకునేంత మూత ఉన్న పెట్టె ఒకటి తీసుకోండి. అడుగున కాగితం, దాని మీద కటింగ్ మ్యాట్, పైన ఒక పళ్లెంలో సాధనాలు పెట్టుకుంటే భోజనాల బల్ల మీదైనా విప్పుకుని, పని అయ్యాక మూసేయవచ్చు. పూర్తయిన కార్డులను, ముఖ్యంగా ఫోమ్ టేపుతో ఎత్తు కట్టినవాటిని, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఒక్కొక్కటి దాని కవరుతో జత చేసి, అట్టపెట్టెలో నిలువుగా, ఒకదానికొకటి ఆనేలా ఉంచండి. కవరులో పెట్టేది మాత్రం పంపే రోజునే.