8.5 లక్షలకి బీఎండబ్ల్యూ, 22 ఏళ్ల ఓనరు: విజయనగరం నుంచి సాలూరు ఘాట్ దాకా

నమస్కారమండీ, అందరూ బాగున్నారా? ఇంకా ఆరు కాలేదు, విజయనగరం కోట పక్కన ఉన్నాం. రాత్రంతా వాన కొట్టింది, రోడ్డు తడిగానే ఉంది. ఈ తెల్ల బండి 2014 మోడల్ బీఎండబ్ల్యూ 320డి. పక్కన నిలబడ్డ తమ్ముడే ఓనరు. వయసు 22, మొన్నే ఇంజినీరింగ్ పూర్తయింది. ఇన్నాళ్లూ ఇంట్లో ఉన్న ఆల్టోనే తోలాడు. ఈ బండి 8.5 లక్షలకి పడింది. ఆ డబ్బుకి కొత్త స్విఫ్ట్ వస్తుంది.

కొత్తలో ఇది 30, 40 లక్షల మధ్య బండి. ఇంత చవగ్గా ఎలా వచ్చిందంటే, ఢిల్లీ నుంచి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాటంది. ఆ తర్వాత ఆ రూలు ఎన్ని మలుపులు తిరిగినా, పదో ఏడు దగ్గరపడుతోందంటే అక్కడి ఓనర్లకి కంగారు. వచ్చిన కాడికి ఇచ్చేసి ఎన్ఓసీ తీసి పంపించేస్తారు. బ్రోకర్ల చేతులు మారి మన దాకా వస్తాయి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి ఏపీ నంబరు వేయించుకుంటే అయిపోయింది, మన బండే.

రేటు పడిపోయింది గానీ ఇంజిన్‌కి ఆ సంగతి తెలీదు కదండీ. 184 హార్స్‌పవర్, 380 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే తిప్పే బలం) ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఇదే రేటులో వచ్చే స్విఫ్ట్ టార్క్ 112. అంటే మూడు రెట్లకి పైన. సున్నా నుంచి వందకి 7.6 సెకన్లని కంపెనీ లెక్క. పైగా పవరంతా వెనక చక్రాలకే వెళ్తుంది. ఆల్టోలో, స్విఫ్ట్‌లో ముందు చక్రాలే లాగుతాయి. వాటిలో మలుపులో స్పీడెక్కువైతే బండి ముందుకే జారుతుంది, భయమేసి ఎక్స్‌లేటర్ ఒగ్గేస్తే చాలావరకు దారిలోకొస్తుంది. ఇందులో తడి మలుపులో గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకి వెళ్లిపోతుంది. అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో ఆల్టోలో నేర్చుకున్న చేతులకి తెలీదు.

సరే, గజపతినగరం దాటేశాం. నిజం చెప్తున్నాను, బండి అద్భుతంగా ఉంది. పదేళ్ల తర్వాత కూడా స్టీరింగ్‌లో ఆ బరువు, సీటులో ఆ కూర్చోబెట్టే తీరు, 8 గేర్ల ఆటోమేటిక్ ఎప్పుడు మారిందో తెలియనంత మెత్తగా మారడం... ముందూ వెనకా బరువు దాదాపు సగం సగం పంచేశారు కాబట్టి మలుపులో చెప్పిన మాట వింటుంది. నాకు ఈ బండంటే ఇష్టం. అందుకే ఈ వీడియో.

ఇబ్బంది ఏటంటే, ఆ సుఖం వల్లే స్పీడు తెలీదు. ఆల్టోలో 100 దాటితే బండంతా వణికి మనకి చెప్తుంది. ఇందులో ఇప్పుడు 80 అనుకున్నాను, మీటరు చూస్తే 110. స్పీడు 60 నుంచి 120 అయితే బ్రేకు వేశాక బండి ఆగే దూరం రెట్టింపు కాదండీ, నాలుగు రెట్లు. 120లో ఒక్క సెకనుకి 33 మీటర్లు పోతాం. రామభద్రపురంలో రోడ్డు మీదికి గేదె వచ్చిందనుకోండి, మీరు చూసి కాలు బ్రేకు మీద పెట్టేలోపే ఆ 33 మీటర్లూ అయిపోతాయి.

సాలూరు వచ్చేశాం. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా అయింది గానీ మాకెప్పుడూ లారీల ఊరే. మా పెదనాన్న ఇక్కడి లారీ మీద ఆరేళ్లు క్లీనరుగా చేశాకే స్టీరింగ్ చేతికిచ్చారు. అదీ మొదట్లో ఖాళీ బండే. లోడు బండి ఘాట్‌లో దింపడానికి ఇంకో ఏడాది. ఎక్కిన గేరులోనే దిగాలని, బ్రేకు మీద కాలు పెట్టి దిగేవాడికి అడుగుకి చేరేసరికి బ్రేకు ఉండదని ఆయన ఇప్పటికీ అంటాడు. "తోలడం ఏ గుంటడికైనా వస్తాదిరా, ఆపడం రావాల" అనేవాడు. లారీ మీద కుర్రాడికి ఇంత ఓపిగ్గా నేర్పిన ఊళ్లోకి ఇప్పుడు ఇలాంటి బండ్లు వస్తున్నాయి, పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు.

ఇది పి.కోనవలస ఘాట్. ఒరిస్సా వెళ్లే లారీలు, మీద నుంచి నీళ్లు. ఈ మలుపు చూడండి... 40లోనే ఉన్నాను, బయటికొస్తూ కొంచెం తొక్కాను... అదిగో! మీటర్లో పసుపు లైటు వెలిగింది చూశారా? వెనక టైరు జారింది, బండి జారకుండా చూసే డీఎస్‌సీ పట్టుకుంది. చక్రం జారుతోందని సెన్సర్ పసిగడితే కంప్యూటరే పవర్ తగ్గించి, కావాల్సిన చక్రానికి బ్రేకు వేస్తుంది. మనకి సీటులో చిన్న కుదుపు, అంతే.

తమ్ముడు ఇప్పుడేమన్నాడో విన్నారా? "అన్నా, ఆ డీఎస్‌సీ బటన్ కాసేపు నొక్కి పట్టుకో, ఆఫైపోద్ది, భలే మజా." ఆపను తమ్ముడూ. ఎడమ పక్క లోయ ఉంది.

40లో టైరు ఎందుకు జారింది? ఆగి చూపిస్తాను. కెమెరా కిందికి పెట్టు. గాట్లు చూడండి, ఎంత లోతుగా ఉన్నాయో. అమ్మినాయన "టైర్లు కొత్తవే" అన్నాడట. టైరు పక్కన ఈ నాలుగంకెలు చదవండి: 3815. అంటే 2015లో 38వ వారం తయారైంది. బండి ఎక్కువ కాలం నిలబడే ఉన్నట్టుంది, అరగలేదు. కానీ రబ్బరు గట్టిపడిపోయింది. గోరుతో నొక్కితే దిగట్లేదు. తడి రోడ్డు మీద ఇది పట్టదు. సెకండ్ హ్యాండ్ బండి దగ్గరికెళ్తే బానెట్ ఎత్తకముందు ఈ నాలుగంకెలు చూడండి.

బ్రేకు ఆయిల్ కూడా అంతే. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. మార్చకపోతే ఘాట్‌లో వేడెక్కి మరుగుతుంది, పెడల్ మెత్తగా కిందికి వెళ్లిపోతుంది. ఇతని ఫైల్లో చివరిసారి మార్చింది 2019. ఇంకోటి, చక్రం దగ్గర ఒక్క సెన్సర్ పోయినా డీఎస్‌సీ పనిచేయదు, మీటర్లో హెచ్చరిక లైటు ఆగకుండా వెలుగుతుంది. బండి ఆన్ చేయగానే లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేసి ఉండొచ్చు, స్కానర్ పెట్టించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఈ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది పోతే ఇంజిన్ దింపాల్సిందే, ఆ ఖర్చు వేరే కథ.

చేతికి మించిన బండి అనే ఈ సమస్య మన దగ్గరే పుట్టలేదు. 1975లో పోర్షే 911 టర్బో వచ్చింది. 260 హార్స్‌పవర్, ఇంజిన్ వెనక చక్రాల అవతల. మలుపులో భయపడి ఎక్స్‌లేటర్ ఒగ్గేస్తే వెనకభాగం ముందుకొచ్చేసేది. దానికి 'విధవల్ని చేసే బండి' అని పేరు పడింది. బ్రిటన్‌లో ఇన్సూరెన్స్‌వాళ్లు డ్రైవరు వయసు కూడా చూసి ప్రీమియం వేస్తారు, చిన్నవాళ్లకి చాలాసార్లు అదే అడ్డుకట్ట. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టే. 1500 సీసీ దాటితే 2022లో పెట్టిన రేటు 7,897 రూపాయలు. తోలేది 22 ఏళ్లవాడైనా 50 ఏళ్లాయనైనా అంతే. ఆల్టోతో టెస్టు పాసైన లైసెన్సే దీనికీ సరిపోతుంది. అంటే బండికీ కుర్రాడికీ మధ్య ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ లేరు.

కిందటేడు వానాకాలం మా వీధి కుర్రాడొకడు ఇలాంటి బండితోనే నాతవలస దగ్గర హైవే ఎక్కుతూ గట్టిగా తొక్కాడు. బండి గిర్రున తిరిగి డివైడర్‌కి కొట్టింది. బతికాడు. కుడికాలు ఇప్పటికీ సరిగ్గా ఆనించలేడు. ఆసుపత్రి బయట వాళ్లమ్మగారు "బండి మంచిదని కొన్నాం నాన్నా" అన్నారు. ఆవిడకి ఏం చెప్పాలో తెలీలేదు. బండి నిజంగానే మంచిది.

అమ్మానాన్నలు చూస్తుంటే ఒక్క మాట. కొనొద్దనడం లేదు. కొన్న వారంలోనే నాలుగు టైర్లు, బ్రేకు ఆయిల్, ప్యాడ్లు మార్పించండి. ఆ డబ్బు చేతిలో లేకపోతే బండి ఇంకా మీ రేటుకి రానట్టే లెక్క. వానాకాలం మొత్తం పక్కన బాగా తోలేవాళ్లు కూర్చోవాలి. నలుగురు స్నేహితుల్ని ఎక్కించుకుని రాత్రి కళింగపట్నం బీచ్‌కి అసలే వద్దు.

టైర్లు రేపే వేయిస్తానన్నాడు తమ్ముడు. మాటిచ్చాడు. ఇప్పుడు తిరుగు ప్రయాణం తనే తోలతాడు, నేను ఎడమ సీట్లో. ఎక్కిన గేరులోనే దిగు, మాన్యువల్‌లో పెట్టు... ఆ, అలాగే. బేగి వెళ్లాల్సిన పనేం లేదు. వెనక లారీ హారన్ కొడితే కొట్టనీ, దారిచ్చేయ్.

మళ్లీ చినుకులు మొదలయ్యాయి. సాలూరు దాటాం, రామభద్రపురం దాటాం. గజపతినగరం వచ్చేసింది, ఆ పసుపు లైటు ఇంతవరకు ఒక్కసారీ వెలగలేదు.