చెట్లు లేక కాదు, ఎత్తు వల్ల: లద్దాఖ్ ఆయాసం అసలు కథ

లద్దాఖ్ పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు అనేస్తారు: "అక్కడ చెట్లుండవు కదా, అందుకే ఆక్సిజన్ ఉండదు." కాదండీ బాబూ! చెట్లే కారణమైతే నడిసముద్రంలో ఓడ మీదున్నవాళ్ళ గతేంటి? లద్దాఖ్‌లో ముఖ్య పట్టణమైన లేహ్ గాలిలోనూ ఆక్సిజన్ దాదాపు 21 శాతమే, సముద్రం ఒడ్డున ఎంతో అక్కడా అంతే.

మరి రెండు మెట్లెక్కగానే రొప్పెందుకొస్తుంది? దొంతరగా పేర్చిన బొంతలు ఊహించుకోండి. అడుగు బొంత పైబరువుకి అణిగి గట్టిగా ఉంటుంది. పైదాంట్లోనూ అదే దూది, కాకపోతే ఉబ్బి వదులుగా ఉంటుంది. గాలీ అంతే. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో, అంటే దొంతరలో బాగా పైనుంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే కాబట్టి, ఒక్కసారి ఊపిరి పీలిస్తే లోపలికెళ్ళే ఆక్సిజన్ కూడా దాదాపు మూడో వంతు తగ్గుతుంది. నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో పప్పు చాలాసేపు ఉంచినా పలుకుపలుకుగానే ఉంటుంది, కుక్కర్ లేకపోతే పని జరగదు.

పైన బొంతలు తగ్గాయంటే మీ మీద కప్పుకున్నదీ తగ్గినట్టే. ఎండని అడ్డుకునే గాలి పలచన, చల్లగా ఉంది కదా అని టోపీ లేకుండా తిరిగితే సాయంత్రానికి ముక్కు ఎర్రబడి మంట మొదలవుతుంది. పొద్దు వాలిందా, నేల వేడి పట్టి ఉంచడానికి పైన గాలీ తక్కువే, తేమా తక్కువే, ఎండాకాలంలో కూడా స్వెట్టర్ వేసుకోవాల్సిందే.

ఇక వాన. నైరుతి మేఘాలు హిమాలయాలకి దక్షిణం వైపే ఖాళీ అయిపోతాయి, లేహ్‌కి దక్కేది ఏడాదికి 100 మిల్లీమీటర్లు అటూఇటుగా. చలి ఎడారి అన్నమాట. అందుకే మట్టి ఇటుకల ఇళ్ళు, పోప్లార్ దూలాల మీద విల్లో కొమ్మలు పరిచి మట్టి కప్పిన చదును కప్పులు. 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కుండపోత పడితే బురద వరదకి ఊళ్ళే కొట్టుకుపోయాయి. పొలాలకి మంచు కరిగిన నీళ్ళే దిక్కు, ఎవరి మడికి ఎప్పుడు వదలాలో చూడ్డానికి ఊరు చుర్పోన్ అని ఒక మనిషిని పెట్టుకుంటుంది. నాకైతే గోంపాల (బౌద్ధ మఠాల) కన్నా ఈ ఏర్పాటే ముచ్చటగా ఉంటుంది, ఏమైనా అనుకోండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. తిండి అంటే వేయించిన బార్లీ పిండి, వెన్నా ఉప్పూ వేసిన టీ. "అక్కడంతా బౌద్ధులే" అనకండి, కార్గిల్ వైపు ఎక్కువమంది షియా ముస్లింలు. విమానంలో దిగితే రెండు రోజులు లేహ్‌లోనే ఉండండి, మర్నాడే 17,500 అడుగులు దాటిన ఖర్దుంగ్ లా కనుమ ఎక్కేయకండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలంటే డాక్టర్ని అడిగాకే. తలనొప్పి, వాంతులు ముదురుతుంటే ఆక్సిజన్ డబ్బా పెట్టుకుని ఓర్చుకోవడం కాదు, కిందికి దిగిపోవాలి. పాంగాంగ్ సరస్సు దగ్గర రాత్రి బస మాత్రం ప్లాన్‌లో చివరికి జరపండి, అది లేహ్ కన్నా ఇంకో 700 మీటర్లు పైనే.