కట్ట ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

హనుమకొండలో మాది ముప్పై ఇళ్ల వీధి. ఒక వానాకాలం దోమల పొగ కొట్టిద్దామని ఇంటికి వంద రూపాయలు వసూలు చేశాం. ఒకాయన మాత్రం "మా కిటికీలకు జాలీలున్నయి, నాకెందుకు?" అన్నాడు. మిషన్ వచ్చింది, పొగ కొట్టింది. ఆయన గేటు దాకా వచ్చి పక్కకు తిరిగి పోయే తెలివి పొగకు లేదు కదా! మరుసటి నెల వసూలుకు పోతే ఇంకో నలుగురు జాలీల వాళ్లు తేలారు. ఆ పైన మిషనే రాలేదు.

ఇలాంటి వాటినే పబ్లిక్ గూడ్స్, అంటే సార్వజనిక వస్తువులు అంటారు. ఒకరు వాడుకుంటే ఇంకొకరికి తగ్గకూడదన్న గుర్తును అమెరికా ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ 1954లో లెక్క కట్టి చెప్పాడు. పైసలియ్యని వాణ్ని ఆపలేకపోవడం రెండో గుర్తు. సర్కారు ఇచ్చేదంతా ఈ కోవలోకి రాదు. రేషన్ బియ్యమే చూడండి, నేను తిన్న ముద్ద మీరు తినలేరు, కార్డు లేకుంటే డీలర్ ఇవ్వడు. ఆ బియ్యం ఇవ్వడానికి ఆకలి చాలినంత కారణం, అది వేరే సంగతి.

చెరువు దగ్గరికొస్తే లెక్క చిక్కు పడుతుంది. మనకు పాకాల, రామప్ప, లక్నవరం, అన్నీ కాకతీయుల నాటివి. ఆయకట్టులో పై రైతు మడి నిండా పారించుకుంటే కింది రైతుకు కొరతే. కాబట్టి నీళ్లు సార్వజనిక వస్తువు కావు. కట్ట మాత్రం అవును. అది తెగకుండా నిలబడితే శిస్తు కట్టినోడి ఇల్లూ కట్టనోడి ఇల్లూ రెండూ భద్రమే.

నీళ్ల వంతులు చూసేందుకు ఊళ్లో నీరటి ఉండేవాడు. తూము తీసేదీ మూసేదీ ఆయనే. పందికొక్కు కట్టకు బొక్క పెడితే ముందు ఆయన కంటే పడేది. పంట కల్లంలోకి వచ్చాక రైతులు ఆయనకు గింజలు కొలిచేవారు. ఊరి వాళ్లే కలిసి ఇలాంటివి నడుపుకోగలరని చూపినందుకే అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అయితే మనవి గొలుసుకట్టు చెరువులు. పై ఊరి కట్ట తెగితే మునిగేది కింది ఊరు. పై ఊరి నీరటికి కింది ఊరు గింజలు కొలవదు. సర్కారు చెయ్యి పడాల్సింది ఇక్కడ.

2015లో తెలంగాణలో మొదలైన చెరువుల బాగు పథకం మిషన్ కాకతీయలో, అందరిదేది ఒక్కరిదేది అన్న గీత తేటగా కనపడింది. పూడిక తవ్వించే ఖర్చు ప్రభుత్వానిది. ఆ మట్టిని పొలానికి తోలుకునే ట్రాక్టర్ కిరాయి రైతుది. తన చేన్లో పడ్డ ఒండ్రు తన పంటకే బలం గనక జేబులోంచి పెట్టుకున్నాడు. చెరువు లోతు అందరిదీ గనక ఖజానా పెట్టింది. ఎవరు ఆలోచించారో గానీ, నాకు నచ్చిన పంపకం అది.

పట్నంలో కట్టకు బదులు నాలా. 2020 ఆగస్టు వానలకు మన కాలనీలు మునిగాయి, జనాన్ని పడవల్లో తీసుకొచ్చారు. చందాలేసుకుని నాలాలో చెత్త తీయించొచ్చు, మా వీధి వాళ్లం ఒకసారి చేశాం కూడా. నాలా మీదికి జరిపి కట్టిన గోడను మాత్రం మేం ముట్టుకోలేం. దానికి సర్వే నక్షా కావాలి, నోటీసు కావాలి, నోటీసిచ్చాక ఫోన్లొస్తే వెనక్కి తగ్గని ఆఫీసరు కావాలి.

సెలవు.